పాత ట్రావెలర్ ఘాట్‌లో హీటెక్కుతోంది, కూలెంట్ తగ్గిపోతోంది: హెడ్ దించే ముందు చూడాల్సినవి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: 2011 మోడల్ డీజిల్ టెంపో ట్రావెలర్ వ్యాను, ఏసీ ఉంది, ఊళ్లో, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్తోంది. రెండు మూడు రోజులకోసారి లీటరు నీళ్లు పోయాల్సి వస్తోంది, కానీ బండి కింద చుక్క కూడా కనపడదు. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసి పక్కన పడేశాడు, ఇంకొకాయన రేడియేటర్‌లో బుడగలు చూసి హెడ్ (సిలిండర్ల పైన మూతలా బిగించి ఉండే ఇంజిన్ భాగం) దించాల్సిందే అంటున్నాడు. దించాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే దించకండి. ముందు ఆ లీటరు ఎటు పోతోందో తేల్చుకోండి, అది తేలకుండా ఒక్క పార్టు కూడా మార్చొద్దు. ఇంజిన్ ఆయిల్ అయితే పాత బండి కాస్త తాగుతుంది, సర్దుకుపోవచ్చు. కూలెంట్ అలా కాదు, అది మూసిన దారిలో తిరుగుతూ ఉండేదే తప్ప ఖర్చయ్యేది కాదు. వారానికి లీటర్లకు లీటర్లు పోస్తున్నారంటే అది ఏదో ఒక దారిన బయటికి వెళ్తోందని అర్థం. "పాత బండి కదా, నీళ్లు పోసుకుంటూ లాగించేద్దాం" అనుకున్న వాళ్ల ఇంజిన్లే ఎక్కువగా హెడ్ బెండ్ అయి షెడ్డుకు వస్తాయి, ఇది నేను ఏళ్ల తరబడి చూస్తున్న సంగతి.

పోయే దారులు మూడే. ఎక్కడో లీకై బయట పడటం, రేడియేటర్ మూత సరిగా పట్టక పక్కనుండే కూలెంట్ బాటిల్‌లోకి పొంగి అక్కడి నుంచి రోడ్డు మీద పోవటం, లేదా హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోకి దిగి సైలెన్సర్‌లోంచి ఆవిరిగా వెళ్లటం, కొన్నిసార్లు ఇంజిన్ ఆయిల్‌లో కలవటం. కింద చుక్క లేదు కాబట్టి మూడోదే అని మీ రెండో మెకానిక్ అనుకుని ఉంటాడు. అది తొందరపాటు. వేడి ఇంజిన్ మీద పడ్డ చుక్క నేల దాకా రాకుండానే ఆవిరైపోతుంది, బండి నడిచేటప్పుడు మాత్రమే ప్రెషర్‌కి ఊరే చోట్లు కూడా ఉంటాయి, రాత్రి ఆపి పెట్టాక అవి పొడిగా కనిపిస్తాయి.

అన్నిటికంటే ముందు మూత. దాని మీద 0.9 అనో, 88 అనో, 13 అనో అంకె ఉంటుంది, మూడూ ఇంచుమించు ఒకే ప్రెషర్ని వేర్వేరు కొలతల్లో (బార్, కిలోపాస్కల్, పీఎస్ఐ) చెప్పేవే. ఈ ప్రెషర్ చాలా ముఖ్యం. సాదా నీళ్లు కూడా 0.9 ప్రెషర్ కింద 118 డిగ్రీల దాకా మరగవు, సగం కూలెంట్ సగం నీళ్లు కలిపితే అది ఇంకా పైకి, 125 దాటి పోతుంది. అదే మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ పట్టకపోతే నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి, మరిగితే హెడ్ లోపల అక్కడక్కడ ఆవిరి చేరి నిలిచిపోతుంది, ఆవిరి వేడిని నీళ్లంత బాగా మోసుకెళ్లలేదు. అంటే ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోయినా ఒక్క చెడ్డ మూత చాలు, ఘాట్‌లో మీకు కనిపిస్తున్న లక్షణాలన్నీ తెచ్చిపెట్టడానికి.

మూత విప్పి తిరగేసి చూడండి (ఇంజిన్ పూర్తిగా చల్లారాక మాత్రమే, పొద్దున్నే అయితే మంచిది). కింద పెద్ద రబ్బరు రింగు ఉంటుంది, మధ్యలో చిన్న బిళ్లలాంటి వాల్వు ఉంటుంది. రింగు మీద లోతుగా గాడి పడినా, పగుళ్లు కనిపించినా మూత పనైపోయినట్టే. మధ్య బిళ్లని గోటితో కాస్త లాగి వదిలితే టక్కున వెనక్కి వెళ్లాలి. ఇంజిన్ చల్లారేటప్పుడు బాటిల్‌లోకి పోయిన కూలెంట్‌ని తిరిగి లోపలికి రానిచ్చేది ఆ బిళ్లే. అది బిగుసుకుపోతే బాటిల్ నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది, మనం బాటిల్ చూసి అంతా బాగుందనుకుంటాం. పొద్దున పైహోస్ లోపలికి పీల్చుకుని చప్పబడి కనిపిస్తే అనుమానించాల్సింది ఈ బిళ్లనే. మూత నుంచి బాటిల్‌కి వెళ్లే సన్నటి ట్యూబు కూడా చూడండి. దానికి చిన్న పగులున్నా చల్లారేటప్పుడు కూలెంట్‌కి బదులు గాలి పీలుస్తుంది. బాటిల్ అడుగుదాకా ఆ ట్యూబు మునిగి ఉండాలి. ఈ ట్యూబు ఖరీదు చాలా తక్కువ, దాన్ని చూసేవాళ్లు మరీ తక్కువ.

కొత్త మూత కొనేటప్పుడు పాత మూత మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే మంచిదనే మాట నమ్మకండి, పాత రేడియేటర్ అతుకులు దాన్ని తట్టుకోవు.

ఇక బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. సాయంత్రం బండి ఆపగానే ఎంతుందో ఒక గీత, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక గీత. వేడికి మట్టం పెరిగి, చల్లారాక మళ్లీ దిగిందంటే మూత, ట్యూబు బాగున్నాయి. పెరిగి అక్కడే నిలిచిపోతే పైన చెప్పిన లోపమే. రోజురోజుకీ రెండు గీతలూ కిందికి జారుతుంటే లీకు వేరే చోట ఉంది.

అప్పుడు ప్రెషర్ టెస్ట్ చేయించండి. రేడియేటర్ రిపేర్ షాపుల్లో చేతిపంపు, దానికి గేజ్ ఉంటాయి. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి ఆ పంపు బిగించి, మూత మీదున్న ప్రెషర్ దాకా కొట్టి అరగంట వదిలేయాలి. అయిదు నిమిషాలు చూసి "బాగానే ఉంది సార్" అంటే ఒప్పుకోవద్దు, మీకు పోతున్నది రోజుకి కొద్దికొద్దిగా, దానికి టైమ్ ఇవ్వాలి. ముల్లు దిగుతుంటే టార్చ్ పట్టుకుని వెతకటమే. ఈ బండిలో ఇంజిన్ సగం క్యాబిన్‌లోకి వచ్చి కవర్ కింద ఉంటుంది కాబట్టి ముందు బానెట్ ఎత్తి చూస్తే సరిపోదు, లోపలి ఇంజిన్ కవర్ కూడా తీయించండి. వాటర్ బాడీ (కూలెంట్‌ని తిప్పే పంపు) షాఫ్ట్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ పోతే అక్కడి నుంచి ఊరుతుంది. అక్కడ తడి లేకపోయినా ఎండిన చార తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే చాలు, ఆ వాటర్ బాడీ మార్చాల్సిందే. హోస్ చివర్లలో క్లిప్పుల కింద, రేడియేటర్ ట్యాంకు అతుకుల దగ్గర, ఇంజిన్ బ్లాకు పక్కన గుండ్రంగా కొట్టి ఉండే వెల్ష్ ప్లగ్‌ల చుట్టూ కూడా ఇదే చార కోసం చూడండి. హీటర్ ఉన్న బండి అయితే డ్రైవర్ పక్కన కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి, తడిగా జిగటగా ఉండి అద్దాలకు లోపల పొగమంచులా పడుతుంటే హీటర్ కోర్ (హీటర్‌లో వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్) లీకు.

ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు, అప్పుడు మాత్రమే హెడ్ గురించి మాట్లాడుకోవాలి. అప్పుడు కూడా ఊహ మీద కాదు. బ్లాక్ టెస్టర్ అని ఒకటుంది, రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం రంగు ద్రవం గుండా లాగుతారు. సిలిండర్ పొగ కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం ఆకుపచ్చకో పసుపుకో మారుతుంది. అది దొరక్కపోతే మీరే చేసుకోదగ్గ పరీక్ష ఇంకోటి: రాత్రంతా ఆగిన బండి పైహోస్‌ని పొద్దున నొక్కి చూడండి, మెత్తగా ఉండాలి. స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ నొక్కండి. నీళ్లింకా చల్లగానే ఉండగా హోస్ రాయిలా గట్టిపడితే ఆ ప్రెషర్ వేడి వల్ల వచ్చింది కాదు, కంప్రెషన్ నీళ్లలోకి కొడుతోంది. అనుమానం మిగిలితే రాత్రంతా పంపు ప్రెషర్‌లో ఉంచి, పొద్దున గ్లో ప్లగ్‌లు (స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడి చేసే ప్లగ్‌లు) విప్పించి, ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసుకుని సెల్ఫ్ కొట్టమనండి, గ్యాస్కెట్ పోయిన సిలిండర్‌లోంచి నీళ్లు చిమ్ముతాయి. ఆయిల్ డిప్‌స్టిక్‌కి పాల మీగడలాంటిది అంటుకుంటే ఇక బండి స్టార్ట్ చేయకండి, ఉన్నచోటు నుంచి టో చేయించండి.

బుడగల గురించి ఒక మాట. థర్మోస్టాట్ తీసినప్పుడు మీ బండిలో కూలెంట్ దించి మళ్లీ నింపి ఉంటారు. అలా నింపిన తర్వాత లోపల ఇరుక్కున్న గాలి చాలాసేపు బుడగలుగా వస్తూనే ఉంటుంది. అది గ్యాస్కెట్ కాదు. గాలి పూర్తిగా తీశాక కూడా ఆగకుండా వస్తూ, రేస్ ఇస్తే ఎక్కువయ్యే బుడగలే గ్యాస్కెట్‌వి. మీరు రాసిన దాంట్లో తెల్ల పొగ, స్టార్టింగ్‌లో కొట్టుకోవటం, ఆయిల్ రంగు మారటం ఏవీ లేవు. అందుకే హెడ్ దించే ఖర్చుకి ఇప్పుడే తలూపొద్దంటున్నాను.

ఇక ఘాట్‌లో హీట్. ఏ పరిస్థితిలో ముల్లు లేస్తోందన్న దాన్ని బట్టి సగం సంగతి తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడితే లేచి, కదలగానే దిగితే ఫ్యాన్ లోపం. హైవే మీద 80లో పోతుంటే మెల్లగా లేస్తే రేడియేటర్ లోపలి ట్యూబులు మూసుకుపోయాయని అనుమానించాలి. మీది ఘాట్‌లో, అంటే ఇంజిన్ మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ, ఎదురుగాలి లేదు, భారమంతా ఫ్యాన్ మీదే. శ్రీశైలం దారిలో ఇంకో చిక్కు కూడా ఉంది. హైదరాబాద్ వైపు నుంచి వెళ్తే మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్టు గేటు రాత్రి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు కాబట్టి, ఏసీ వేసుకుని క్యూలో నిలబడ్డ బండి అప్పటికే వేడెక్కి ఉంటుంది. తర్వాత శ్రీశైలం డ్యామ్ దాటగానే సున్నిపెంట ఊరి వైపు ఎక్కుడు మొదలవుతుంది.

ముందు గాలి దారి చూడండి. ఏసీ బండిలో కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీ) రేడియేటర్ ముందే ఉంటే ఆ రెంటి మధ్య సందులో ఏముందో బయటి నుంచి కనపడదు. దుమ్ము, పురుగులు, గడ్డి, పత్తి సీజన్లో దూది, అన్నీ ఆ సందులో చేరి కంబళి కప్పినట్టు పట్టుకుంటాయి. ముందు నుంచి వాటర్ సర్వీసింగ్ చేయిస్తే అది ఇంకా లోపలికి కూరుకుపోతుంది. బోల్టులు వదులు చేసి కండెన్సర్ని గ్యాస్ పైపులు విప్పకుండా కాస్త ముందుకి జరిపి, ఇంజిన్ వైపు నుంచి ముందుకి, మామూలు పైపు నీళ్లతో మెల్లగా కొట్టాలి. సర్వీస్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు, అంటే ఫిన్స్ వాలిపోతాయి, వాలిన ఫిన్స్ గాలిని పోనివ్వవు. పాత బండ్లలో ఈ ఒక్క పనితో ఘాట్ హీట్ తగ్గటం చాలాసార్లు చూశాను, దీనికి పార్టుల ఖర్చే లేదు.

ఫ్యాన్ బెల్ట్ మధ్యలో వేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు దిగాలి. మరీ దిగినా, లోపలి అంచులు అద్దంలా నున్నగా మెరుస్తున్నా బెల్ట్ జారుతోంది, జారితే ఫ్యాన్, వాటర్ బాడీ రెండూ నెమ్మదిస్తాయి. మీ ఫ్యాన్‌కి విస్కస్ కప్లింగ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ని పట్టి తిప్పే, లోపల ఆయిల్ ఉండే బిళ్ల) ఉంటే, ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపేసి ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి, బరువుగా ఆగి ఆగి తిరగాలి. గిర్రున తిరిగిపోతే దానిలో ఆయిల్ పోయింది, మార్చాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ విరిగిందని ఎవరైనా తీసేశారేమో కూడా చూడండి. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగకుండా పక్కల నుంచి లాగుతుంది.

లోపలి శుభ్రం సంగతికొస్తే, మీరు ఇన్నాళ్లూ ఏ నీళ్లు పోశారన్నది ముఖ్యం. బోరు నీళ్లయితే రేడియేటర్ ట్యూబుల్లో, హెడ్ లోపల గచ్చు పట్టేసి ఉంటుంది. ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పొర ఇంజిన్‌లో కూడా అలాగే పడుతుంది, లోహానికి నీళ్లకి మధ్య అడ్డంగా ఉండి వేడిని వదలనివ్వదు. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే పైట్యాంక్ విప్పి ట్యూబుల్లో సన్నటి రాడ్ దూర్చి శుభ్రం చేస్తారు, మంచి పనివాడు చేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్‌కి ఆ పని కుదరదు, ఫ్లష్ చేసి చూడటం, కాకపోతే మార్చటం. లీకు ఆగుతుందని పసుపు పోసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దయచేసి పోయకండి. దారిలో ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో గానీ ఆ ముద్ద రేడియేటర్లో సన్నటి ట్యూబుల్ని, హీటర్ కోర్‌ని మూసేస్తుంది. స్టాప్ లీక్ డబ్బాల గురించీ నా అభిప్రాయం అదే.

థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి, కొత్తది. తీసేస్తే చల్లగా ఉంటుందనే నమ్మకం మన షెడ్లలో ఎంత గట్టిగా ఉందో, అంత నష్టం చేస్తోంది. చాలా డీజిల్ ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి రెండు పళ్లేలు ఉంటాయి. వేడెక్కినప్పుడు ఒకటి రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో రెండోది బైపాస్ దారి మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ దాకా పోకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. అంటే ఘాట్‌లో ఇంకా ఎక్కువ హీట్. మామూలు రోడ్డు మీదేమో ఇంజిన్ సరిపడా వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొగ ఎక్కువవుతుంది. కొత్తది బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాస్తూ దారంతో వేలాడదీసి చూడండి, దాని మీద రాసున్న డిగ్రీల దగ్గర తెరుచుకోవటం మొదలవ్వాలి, చల్లారితే మూసుకోవాలి. అడుగుకి తగలకుండా పట్టుకోండి, లేకపోతే తప్పు లెక్క వస్తుంది.

కూలెంట్ బండి మాన్యువల్లో చెప్పిన రకం తీసుకోండి. రంగు చూసి కొనొద్దు, ఒకే ఆకుపచ్చ రంగులో వేర్వేరు రకాలు ఉంటాయి, కలిపితే కొన్ని జెల్లీలా గడ్డకడతాయి. రెడీ మిక్స్ అయితే నీళ్లు కలపకూడదు, కాన్సన్‌ట్రేట్ అయితే సగానికి సగం బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కలపాలి. మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని కొందరంటారు. మనకి కావాల్సింది దానిలోని తుప్పు పట్టనివ్వని గుణం, మరిగే డిగ్రీని పెంచే గుణం. డబ్బా పిల్లలకి, కుక్కలకి అందనివ్వకండి, పాతది దించినప్పుడు నేల మీద వదలకండి. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అది విషం.

నింపటంలో తొందర పడితే ఇంత చేసిందీ వృథా. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉంచి, హీటర్ ఉంటే ఫుల్ హాట్‌లో పెట్టి, సన్నధారగా పోయండి. మూత తీసే స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో వదలండి, మధ్యమధ్యలో పైహోస్‌ని పిసుకుతుంటే బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మిగతాది పోసి మూత పెట్టాలి. ఆ తర్వాత నాలుగైదు రోజులు ప్రతి పొద్దునా చల్లటి ఇంజిన్ మీద మూత తీసి రేడియేటర్‌లోనే చూడండి, బాటిల్ చూసి ఊరుకోవద్దు.

ఘాట్‌లో డ్రైవర్‌కి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. థర్డ్‌లో మూలుగుతూ లాగించొద్దు, ముందే సెకండ్‌కి దించమనండి. ఇంజిన్ తిరిగితేనే ఫ్యాన్, వాటర్ బాడీ తిరుగుతాయి. ముల్లు సగం దాటగానే ఏసీ ఆపాలి, ప్యాసింజర్లు గొణిగినా సరే. ఇంకా లేస్తుంటే పక్కకి తీసి, కూలెంట్ పోయిన జాడ లేకపోతే ఇంజిన్ ఆపకుండా కాస్త రేస్ మీద ఉంచితే దిగుతుంది. ఆవిరి కక్కుతున్నా, నీళ్లు కారుతున్నా వెంటనే ఆపేయాలి. హోస్ మెత్తబడే దాకా మూత జోలికి పోకూడదు, ముఖం, చేతులు కాలేది అక్కడే. ఎర్ర గీత దగ్గరున్న ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషించొద్దు. సెన్సార్ దగ్గర కూలెంట్ లేక అది గాలిలో ఉండిపోయినా అలాగే చూపిస్తుంది, హెడ్ బెండ్ అయ్యేది ఆ కాసేపట్లోనే. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది, ఎంత ఆలస్యమైనా చల్లారనివ్వాలి.

పరీక్షలన్నీ చేశాక గ్యాస్కెటే అని తేలితే అప్పుడు దించండి, కానీ గ్యాస్కెట్ మార్చి మూసేస్తామంటే వద్దనండి. హెడ్‌ని లేత్ షాపుకి పంపి స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నటి పట్టీతో వంపు చూడాలి, ప్రెషర్ పెట్టి పగుళ్లు చూడాలి, అవసరమైతేనే ఫేసింగ్ (ముఖం చదును చేయటం) చేయించాలి. బ్లాకు పైముఖం కూడా కొలవాలి. హెడ్ బోల్టుల పొడవు మాన్యువల్ లెక్కకి మించి సాగి ఉంటే కొత్తవి వేయాలి, టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే స్పానర్‌తో) మాన్యువల్ వరుసలోనే బిగించాలి. రేడియేటర్ని మాత్రం హెడ్ మళ్లీ ఎక్కించే ముందే శుభ్రం చేయించండి, పాత గచ్చుతోనే బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా మొదటి ఘాట్‌కే పోతుంది.